జనవరి ముందా, ఏప్రిల్ ముందా?

ఆ శనివారం పొద్దున లుక్రీషియా పెనిమన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. నానిన చిక్కుడు గింజల్ని మట్టికుండలో పోసి, ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్క, మొలాసిస్ అనే చెరకు పాకం వేసి పొయ్యిలోకి తోయాలి. ఆ కుండ సాయంత్రం దాకా తన పాటికి తాను ఉడుకుతుంది గనక, ఈలోపు చర్చికి వెళ్లి పాత పుస్తకంలో తన మూలపురుషుడి పుట్టినరోజు ఒకసారి చూసుకుని రావాలి. పుట్టిన ఏడాది ఆమెకు తెలియక కాదు. అది తన పెళ్లిరోజు కన్నా బాగా గుర్తు. నెల కూడా కలిపి చెబితే ఊరి పండుగలో తను చేసే ప్రసంగం ఇంకాస్త గంభీరంగా ఉంటుందని, అంతే.

"మధ్యాహ్నం భోజనానికి వస్తావా?" అని మొగుడు వెండెల్ అడిగాడు, పొద్దుటి ఫలహారంగా యాపిల్ కూరిన తీపిరొట్టె ముక్క నములుతూ.

"రాకేం చేస్తాను? పావుగంట పని."

వెండెల్ ఈ కాపురంలో చాలా పావుగంటలు చూశాడు. ఇంకో ముక్క కోసుకున్నాడు.

హేరోఫీల్డ్ ఊరికి ఆ ఏడు, అంటే 1938లో, మూడు వందల ఏళ్లు నిండుతున్నాయి. మసాచుసెట్స్‌లో ఏ ఊరికైనా ఆ వయసొస్తే ఆ ఊరి పెద్దమనుషులకు తామే ఇంగ్లండు ఓడ దిగి వచ్చినంత గర్వం వస్తుంది. జూన్‌లో పండుగ. ఊరి నడుమ పచ్చిక మైదానంలో ఒక కంచు పలకకు ముసుగు తీస్తారు. "రిమెంబర్ ట్రాస్క్. 1639. ఈ ఊరిలో పుట్టిన మొదటి ఇంగ్లీషు బిడ్డ" అని దాని మీద ఉంది. ఇంగ్లీషు బిడ్డ అని ప్రత్యేకంగా ఎందుకన్నారంటే, అంతకు ముందు వేల ఏళ్లుగా అదే నేల మీద పుడుతూ వచ్చిన పిల్లల్ని లెక్కపెట్టే శ్రమ తప్పించుకోవడానికి. ఇలాంటి విషయాల్లో ఊరివాళ్ల జాగ్రత్తే జాగ్రత్త.

పలక అప్పటికే పోతపోసి వచ్చేసింది. వెండెల్‌కున్న ఇనుప సామాన్ల కొట్టులో, మేకుల డబ్బాల వెనక, గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. దాని ముసుగు తీసే హక్కు ట్రాస్క్ వంశంలో మిగిలిన ఒకే ఒక్క మనిషిది. ఆ మనిషి, పుట్టింటి పేరు ట్రాస్క్ అయిన లుక్రీషియా.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. లుక్రీషియాకు అరవై దాటింది. అన్నదమ్ములు లేరు, పిల్లలు లేరు. ఆమెతో ట్రాస్క్ అన్న పేరు ఈ భూమి మీద చెల్లిపోతుంది. రిమెంబర్ అంటే గుర్తుంచుకో అని. కన్నవాళ్లు అంత స్పష్టంగా చెప్పి పెట్టిన పేరును ఊరంతా మరిచిపోయింది, ఈమె ఒక్కతే మోసుకు తిరుగుతోంది. తను పోయాక ఆ మోత కంచుకు అప్పగించాలని ఆమె కోరిక. అందులో నవ్వడానికేమీ లేదు. నవ్వు ఆ తరవాత జరిగినదాంట్లో ఉంది.

చర్చి పుస్తకంలో రిమెంబర్ చక్కగా దొరికాడు: 1639 జనవరి. అక్కడితో పుస్తకం మూసేసి ఇంటికొచ్చి ఉంటే ఈ కథ లేదు. కానీ కళ్లు ఉన్నాక కింది వరుస కూడా కనిపిస్తుంది కదా. జాబ్ లోవెట్ కూతురు పేషెన్స్, 1639 ఫిబ్రవరి.

ఈ లోవెట్‌లు లుక్రీషియాకు బాగా తెలిసినవాళ్లు. ఆ వంశానికి ఇప్పటి పెద్ద దిక్కు ఫిలూరా లోవెట్. ఆ ఇంటనే పుట్టి, దూరపు చుట్టమైన ఇంకో లోవెట్‌నే చేసుకుని పేరు కూడా మార్చుకోనక్కరలేకుండా పోయిన అదృష్టవంతురాలు. చిన్నప్పుడు ఇద్దరిదీ బడిలో ఒకే బల్ల. ఫిలూరా ఇంటి ముందుగదిలో గోడకు అద్దం కట్టించిన ఒక పాత కుట్టుగుడ్డ వేలాడుతుంది. దాని మీద రెండు పావురాలు, వాటి కింద "జాబ్, మెర్సీల వివాహం, మే 1639" అని ఎర్రదారంతో అక్షరాలు. నలభై ఏళ్లుగా ఆ గుడ్డ కింద కూర్చుని లుక్రీషియా టీ తాగుతూనే ఉంది. టీ వల్ల ఆమెకు ఇంత లాభం కలగడం మాత్రం ఆ రోజే.

ఆమె చేతితొడుగు విప్పి వేళ్ల మీద లెక్కపెట్టింది. బిడ్డ ఫిబ్రవరిలో. పెళ్లి మేలో. మళ్లీ లెక్కపెట్టింది. పెళ్లి మేలోనే ఉంది.

"అయ్యో పాపం, ఫిలూరా!" అంది పైకి. అంత సంతోషంగా అయ్యో పాపం అన్న మనిషి ఆ చర్చిలో అంతకు ముందు ఎవరూ లేరు.

ఈ సంగతి తన కడుపులోనే దాచుకోవాలని ఆమె గట్టిగా అనుకుంది, పోస్టాఫీసు దాకా. అక్కడ ఒకావిడకు ఎవరితో అనవద్దని చెప్పి చెప్పింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు, లుక్రీషియాకు ఇంకా బాగా తెలుసు. ఇంటికి చేరేసరికి చిక్కుడు గింజలు కుండకు అంటుకుపోయాయి.

"పావుగంట అయిందా?" అన్నాడు వెండెల్, మాడిన గింజల్ని పళ్లెం అంచుకు నెడుతూ.

సోమవారం ఊరి తొలి కాపురస్తుల వారసుల సంఘం కూర్చుంది. సంఘానికి అధ్యక్షురాలు లుక్రీషియా. ఫిలూరా రాలేదు, మనవడికి తట్టు పోసింది. పండుగ వేదిక మీద కూర్చునేవాళ్ల మూలపురుషుడు గానీ మూలస్త్రీ గానీ సక్రమమైన పెళ్లికి పుట్టినవాళ్లై ఉండాలని అధ్యక్షురాలు ఒక నియమం ప్రతిపాదించింది. ఎవరి పేరూ ఎత్తలేదు. అంతటి మర్యాదస్తురాలు. అందరూ చేతులెత్తారు, ఎత్తి ఖాళీగా ఉన్న ఫిలూరా కుర్చీ వైపు చూశారు.

మర్నాడు తెల్లారి ఫిలూరా వచ్చింది. తలుపు కొట్టలేదు, నేరుగా వంటింట్లోకే.

"ఏమే లుక్రీషియా, మా పేషెన్స్ గురించి ఊళ్లో ఏదో అన్నావట?"

"నేనేమీ అనలేదు. తేదీలు అన్నాయి."

"నలభై ఏళ్లు నా కేకు తింటూ నా గోడ చదువుకున్నావన్నమాట!"

"ఎర్రదారంతో అంతంత అక్షరాలు కుట్టి వేలాడదీస్తే కళ్లు మూసుకుని కేకు తినమంటావా?"

"మరి మీవాళ్ల పెళ్లి ఎప్పుడైందో?"

"లండన్‌లో. పెద్ద చర్చిలో. ఓడెక్కక ముందు."

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆ పెళ్లికి మీ నాన్న వెళ్లాడా? భోజనం బాగుందన్నాడా?"

అని ఫిలూరా విసురుగా వెళ్లిపోయింది. ఇంటికి కాదు, బస్సెక్కి జిల్లా కచేరీకి. చర్చిలో పెళ్లి చేసుకోవడం రోమ్‌లోని పోపుగారి ఆడంబరమని ఆ తొలి కాపురస్తులు అసహ్యించుకునేవాళ్లు. మేజిస్ట్రేటు ఎదుట నిలబడి, అవునంటే అవునని, పొలానికి వెళ్లిపోయేవాళ్లు. అందుకని వాళ్ల పెళ్లిళ్లు చర్చిలో వెతికితే దొరకవు, కోర్టులో దొరుకుతాయి. దేవుడి దగ్గర లేని రుజువు గుమాస్తా దగ్గర ఉండటం ఆ కాలపు విశేషం.

చర్చి విందు నాడు, చేపల సూపు వడ్డిస్తుండగా ఫిలూరా లేచి చెంచాతో గ్లాసు మీద కొట్టింది.

"మన లుక్రీషియా కోసం నేనొక శుభవార్త తెచ్చాను. వాళ్ల మూలపురుషుడి అమ్మానాన్నల పెళ్లి ఎక్కడైందో దొరికింది. పాపం లండన్ దాకా వెళ్లలేదు, ఇక్కడే చేసుకున్నారు. ఏప్రిల్ 1639."

చెంచాలు ఆగిపోయాయి. గదిలో ఉన్న ప్రతివాళ్లూ బల్లకింద చేతులు పెట్టి లెక్కపెట్టుకున్నారు. బిడ్డ జనవరిలో. పెళ్లి ఏప్రిల్‌లో. అందరికీ ఒక్క చెయ్యి సరిపోయింది.

"సూపు చల్లారుతోంది," అన్నాడు వెండెల్. ఆ గదిలో ఆ పూట జరిగిన ఒకే ఒక్క దయగల పని అది.

తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఏమిటో లుక్రీషియాకు అప్పుడు అనుభవంలోకి వచ్చింది. నియమం తనదే. తన చేత్తోనే రాసింది, తన నోటితోనే చదివింది. ఆ లెక్కన వేదిక మీద తనకు కుర్చీ లేదు, వేదిక లేనిదే ముసుగు తీయడం లేదు. రెండు రోజులు ఆమె గుమ్మం దాటలేదు. మూడో రోజున ఆఖరి దిక్కుగా పాస్టర్ సమ్నర్ ఇంటికి వెళ్లింది.

పాస్టర్ సమ్నర్ నెమ్మదస్తుడు. ఆయనకు పాత పంచాంగాల పిచ్చి ఒకటుంది. ఆ మాట ఆయన ఎత్తగానే భార్య అల్లికసామాను తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోతుంది.

"పాస్టరుగారూ, నా పరువు పోయింది. బిడ్డ జనవరిలో, పెళ్లి ఏప్రిల్‌లో. ఒకే ఏడాది."

పాస్టరు ముఖం వెలిగిపోయింది. పరువు పోయిన మనిషిని చూసి అలా వెలగకూడదని గుర్తొచ్చి కొంచెం తగ్గించుకున్నాడు.

"1639 ఏ రోజున మొదలైందమ్మా?"

"జనవరి ఒకటిన."

"కాదు! మార్చి ఇరవై అయిదున! అప్పట్లో ఇంగ్లీషువాళ్లకు సంవత్సరాది అదే. ఆ తరవాత వందేళ్లు దాటాక గానీ మార్చలేదు. అంటే ఏడాది మార్చిలో మొదలై, ఏప్రిల్, మే, అలా పోయి పోయి, చివర్లో వచ్చేవి జనవరి, ఫిబ్రవరి. మీ వాళ్లది ఏప్రిల్‌లో పెళ్లి. ఆ తరవాత వచ్చిన జనవరిలో బిడ్డ."

లుక్రీషియా మళ్లీ వేళ్లు మడిచింది. ఈసారి రెండు చేతులూ పట్టాయి. "తొమ్మిది నెలలు!"

"నిక్షేపంలాంటి తొమ్మిది నెలలు. ఇప్పటి లెక్కలో అయితే అది 1640 జనవరి."

ఈ చివరి మాట ఆమె వినలేదు. అప్పటికే టోపీ పెట్టుకుని మెట్లు దిగుతోంది.

ఆ ఆదివారం పాస్టరు పంచాంగం మీదే ప్రసంగించాడు. ఆయన ప్రసంగంలో జనం నిద్రపోకపోవడం ఊరి చరిత్రలో అదే మొదటిసారి. జనవరి జరిగితే ఫిబ్రవరి కూడా జరుగుతుంది కదా. కాబట్టి ఫిలూరావాళ్ల పేషెన్స్ కూడా మేలో పెళ్లికి, పై ఫిబ్రవరిలో, పదిమందీ మెచ్చేట్టు పుట్టినట్టే. చర్చి గుమ్మంలో ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు.

"నేనేదో అన్నానని మనసులో పెట్టుకోకే," అంది లుక్రీషియా.

"నువ్వు కాదు కదా, తేదీలు అన్నాయి కదా," అంది ఫిలూరా ముక్కు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం భోజనంలో లుక్రీషియా ఆ వారంలో మొదటిసారి కడుపునిండా తింది. వెండెల్ తన పళ్లెంలో బంగాళాదుంప ముద్దకు మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటూ, మామూలుగానే అన్నాడు:

"మరి ఆ మజ్ వాళ్ల పిల్ల?"

"ఏ మజ్ వాళ్ల పిల్ల?"

"పందుల జాడక్ మజ్ లేడూ, వాళ్ల మూలపుటమ్మ. సైలెన్స్ మజ్. స్మశానంలో గడ్డి కోసినప్పుడల్లా ఆవిడ సమాధిరాయి చుట్టూ నేనే కోస్తాను. ఇక్కడే పుట్టింది, 1639 ఆగస్టు అని ఉంది. ఇన్నాళ్లూ మీవాడు జనవరి గనక ముందు, ఆ పిల్ల ఆగస్టు గనక వెనక. ఇప్పుడు మీ జనవరి ఏడాది చివరికి పోయిందిగా. మరి ఆగస్టు ముందొస్తుందిగా?"

లుక్రీషియా చేతిలో ఫోర్కు గాల్లోనే ఉండిపోయింది.

జాడక్ మజ్ ఊరి చివర చిత్తడినేలలో పందుల్ని పెంచుతాడు. అతని తండ్రీ పందుల్నే పెంచాడు, తాతా పందుల్నే పెంచాడు. గాలి తూర్పు నుంచి వీచినప్పుడు హేరోఫీల్డ్ మొత్తం కిటికీలు మూసుకుంటుంది. ఊరి తొలి కాపురస్తుల వారసుల సంఘంలో వాళ్లను ఎవరూ చేర్చుకోలేదు, చేర్చుకోమని వాళ్లూ అడగలేదు.

"నీకిది ఇప్పుడే గుర్తు రావాలా?" అంది ఆమె, ఫోర్కు పళ్లెంలో పడేసి.

"ఎప్పుడు గుర్తొచ్చినా ఆగస్టు ఆగస్టే కదా లుక్రీషియా."

ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. జనవరిని ఏప్రిల్‌కు ముందుంచితే రిమెంబర్ మొదటి బిడ్డ, కానీ పెళ్లికి ముందు పుట్టినవాడు. తరవాత ఉంచితే పరువుగా పుట్టినవాడు, కానీ రెండోవాడు. రెండోవాడికి ఏ ఊరూ కంచు పలక వేయించదు. పరువూ పలకా రెండూ కలిసి వచ్చే పంచాంగం ఏ దేశంలోనూ అచ్చు వేయలేదు. ఆ పూటంతా ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. తను పోయాక ఆ పేరు ఎవరి నోట పలుకుతుందని ఆలోచించింది. ఎవరి నోటా పలకదు. సాయంత్రానికి తేల్చుకుంది. పరువు తనతో పోతుంది, కంచు ఉంటుంది.

మర్నాడు ఉదయమే పాస్టరు తలుపు తట్టింది.

"ఆ మార్చి ఇరవై అయిదును వెనక్కి తీసుకోండి."

"అది నాది కాదమ్మా, వెనక్కి తీసుకోవడానికి."

"మీరేగా ఊరంతా వినేట్టు చెప్పింది!"

"మీరేగా అడిగింది!"

ఆ రోజు నుంచి లుక్రీషియా కొత్త వాదం ఎత్తుకుంది. కొద్దిగా ప్రేమ ఉన్న నవలల్ని కూడా ఊరి గ్రంథాలయంలోంచి తీయించేసిన మనిషి, ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి పూర్వీకుల ప్రేమను సమర్థించింది. ఆ రోజుల్లో చలి ఎక్కువ అంది. మాటిచ్చుకుంటే సగం పెళ్లి అయిపోయినట్టే అంది. మేజిస్ట్రేటు మంచులో చిక్కుకుని రావడం ఆలస్యమై ఉంటుంది గానీ మనుషులు మాత్రం బంగారం అంది. విన్న ముసలమ్మలు ఇంకొంచెం చెప్పమని టీ పోశారు.

ఫిలూరా మళ్లీ వంటింట్లోకి వచ్చిపడింది.

"నీ పలక కోసం మా మెర్సీ పరువు రెండోసారి తీస్తావటే?"

"మా వాళ్లది కూడా పోతోందిగా! ఒక్కదాన్నే పోగొట్టుకుంటున్నానా?"

"నీకు పలకొస్తుంది. నాకేమొస్తుంది?"

ఈ ప్రశ్నకు జవాబు వేరే దిక్కు నుంచి వచ్చింది. ఈ గొడవలో ఊళ్లో ప్రతివాళ్లూ తమ తమ పూర్వీకుల్ని తవ్వుకోవడం మొదలుపెట్టారు. ఊరికి పెద్ద ఆసామి, నూలుమిల్లు యజమాని హోరేస్ క్విన్‌బీ కూడా సరదాగా తన పత్రాలు తీయించి చూసుకున్నాడు. చూసుకున్నాక సరదా పోయింది. మిల్లు నిలబడ్డ నేలను తన పూర్వీకులకు అమ్మింది జాబ్ లోవెట్ తమ్ముడు, 1645 జూన్‌లో. ఆ తమ్ముడు చనిపోయింది 1645 ఫిబ్రవరిలో. పాస్టరు లెక్కలో అతను అమ్మాకే పోయాడు. లుక్రీషియా లెక్కలో, పోయిన నాలుగు నెలలకు లేచొచ్చి సంతకం పెట్టి మళ్లీ పడుకున్నాడు. ఆ సంతకం చెల్లకపోతే మిల్లు కింది నేల లోవెట్‌లదవుతుంది. ఇది విన్నాక ఫిలూరా మెర్సీ పరువు గురించి ఒక పూటంతా మాట్లాడలేదని, దీర్ఘంగా ఆలోచించిందని అంటారు. చివరికి పరువే నెగ్గింది. మిల్లు అప్పటికే నష్టాల్లో ఉందన్న సంగతి కూడా కొంత సాయం చేసి ఉండవచ్చు.

హేరోఫీల్డ్‌లో పిల్లి చెట్టెక్కి దిగకపోయినా ఊరిసభ పెట్టి ఓటు వేస్తారు. రాజును కాదనుకున్ననాటి నుంచి వాళ్లకు అదొక్కటే పూజ. ఇది పిల్లి కన్నా పెద్ద విషయం గనక ప్రత్యేక సభే పెట్టారు. సభాధ్యక్షుడు హోరేస్ క్విన్‌బీ సుత్తితో బల్ల మీద కొట్టి ప్రతిపాదన చదివాడు: "1639వ సంవత్సరంలో జనవరి నెల ఏప్రిల్ నెలకు తరువాత వచ్చినట్టు ఈ ఊరు నిర్ణయించుగాక."

వెనక వరసలోంచి ఒక రైతు లేచాడు. "ఓటు ఓడిపోతే జనవరి ఎక్కడికి పోతుంది?"

"అది రెండో అంశం. కూర్చో."

పాస్టరు మాట్లాడాడు, మరీ ఎక్కువసేపు. ఫిలూరా మాట్లాడింది, మెర్సీని దేవతను చేసి. అందరూ అయ్యాక లుక్రీషియా లేచింది. మంచులో చిక్కుకున్న మేజిస్ట్రేటు గురించి, సగం పెళ్లి గురించి కాగితం మీద చాలా రాసుకొచ్చింది. అందులో ఒక్కటీ చదవలేదు.

"మీరంతా నిజం చెబుతున్నారని నాకు తెలుసు. జనవరి తరవాతే వచ్చింది. నాకు పిల్లల్లేరు. ట్రాస్క్ అన్న పేరు నాతో పోతుంది. ఒక పాత చర్చి పుస్తకంలో, ఒక ఇనుప కొట్టు వెనక గోనెపట్టా కింద తప్ప ఆ పేరు ఇంకెక్కడా రాసి లేదు. దాన్ని ఎండలో ఒకసారి చూద్దామనుకున్నాను. అంతే."

అని కూర్చుంది. ముందు వరసల్లో రుమాళ్లు బయటికొచ్చాయి. కానీ కళ్లు తుడుచుకున్నంత మాత్రాన పంచాంగం మీద ఓటు మార్చుకునే మనుషులు కారు వాళ్లు. ప్రతిపాదనకు అనుకూలంగా చేతులెత్తమంటే సభంతా ఎత్తింది. వ్యతిరేకం ఎవరన్నప్పుడు లుక్రీషియా చెయ్యి ఒక్కటే లేచింది. కాసేపటికి దాని పక్కన ఇంకోటి, నెమ్మదిగా, మేకుల మరకలతో. వెండెల్‌ది.

"నీకు ఆగస్టు సంగతి తెలుసుగా," అని ఆమె గుసగుసలాడింది.

"తెలుసు. చెయ్యి నొప్పిగా ఉంటే ఎత్తాను."

ఆ విధంగా రెండు ఓట్లు తప్ప మిగతా ఊరంతటి అభీష్టం మేరకు జనవరి ఏప్రిల్ తరవాతికి వెళ్లింది. క్విన్‌బీ మిల్లు నిలిచింది. పేషెన్స్, రిమెంబర్ ఇద్దరూ పరువుగా పుట్టారు. ఇక మిగిలింది పలక. వెనక గోడకు ఆనుకుని, బూట్లకు బురదతో నిలబడి ఉన్న జాడక్ మజ్ వైపు అందరూ తిరిగారు. అతను ఈ గొడవకు వచ్చినవాడు కాదు. తన పందులకంచె పక్కనున్న దారి బాగుచేయించమని అడగడానికి వచ్చాడు.

"జాడక్, ఈ ఊళ్లో మొదట పుట్టింది మీ సైలెన్స్ అని తేలింది. ముసుగు తీయడానికి నువ్వొస్తావా?" అన్నాడు క్విన్‌బీ, ఆ మాట నోట్లోంచి రావడమే కష్టమన్నట్టు.

జాడక్ అనుమానంగా చూశాడు. ఊరు ఊరికే ఏదైనా ఇచ్చిందంటే వెనకాలే పన్ను వస్తుందని అతని అనుభవం.

"మొదట పుట్టినందుకు ఏమైనా కట్టాలా?"

"అక్కర్లేదు."

"జూన్‌లో ఆ రోజా? ఆ రోజు నాకు కుదరదు. రెండు పందులు ఈనేట్టున్నాయి. మీరే ఎవరో ఒకరు తీసేసుకోండి. మరి నా దారి సంగతి?"

దారి సంగతి వచ్చే సభకు వాయిదా పడింది. పలకను ఏం చేయాలన్న చర్చ మొదలైంది. తప్పు పేరున్న పలకను కరిగించి కొత్తది పోయిద్దామని పాస్టరు అన్నాడు. సభ అదిరిపడింది. నిక్షేపంలాంటి కంచును కరిగించడమా! హేరోఫీల్డ్‌లో అబద్ధాన్నయినా సహిస్తారు గానీ దుబారాను సహించరు. పోనీ పారేద్దామని ఎవరో అనబోయి, పక్కవాళ్ల చూపులకు సగంలో ఆగిపోయారు.

అప్పుడు ఫిలూరా లేచింది. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న పిల్ల అటు వరసలో తల దించుకుని ఉండటం ఆమె చాలాసేపుగా చూస్తోంది.

"అధ్యక్షా, ఒక సవరణ. పలక అలాగే ఉండనివ్వండి. కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉంది, నేను చూశాను. అందులో రెండు మాటలు చెక్కించండి చాలు. 'ఒకరు తప్ప' అని."

అందరూ మనసులో చదువుకున్నారు. ఈ ఊరిలో పుట్టిన మొదటి ఇంగ్లీషు బిడ్డ, ఒకరు తప్ప. అందులో అబద్ధం లేదు. దుబారా అసలే లేదు. ఒక్క చెయ్యి కూడా ఎదురు లేవకుండా సవరణ గెలిచింది.

జూన్‌లో ఎండ బాగా కాసింది. బ్యాండు వాయించారు, పిల్లలు కాగితపు టోపీలు పెట్టుకుని నాటకపు ఓడ దిగారు. లుక్రీషియా ముసుగు లాగి, ఆ పేరును ఎండలో చూసి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఫిలూరా పక్కనే నిలబడి వీపు నిమిరింది.

"నీ రుణం ఎలా తీర్చుకోనే?" అంది లుక్రీషియా.

"ఉంది ఒక దారి," అంది ఫిలూరా, పలక పక్కన ఖాళీగా ఉన్న పచ్చికను అంచనా వేస్తూ. "మా పేషెన్స్ ఫిబ్రవరి కదా. మీవాడి తరవాత వెంటనే తనే. సంఘం అధ్యక్షురాలివి నువ్వేగా."

'ఇద్దరు తప్ప' అన్న పలక ఆ శరత్కాలంలోనే వచ్చింది. తమ పూర్వీకుడు 'ముగ్గురు తప్ప' అని క్విన్‌బీ పై ఏడు తేల్చాడు. ఇవాళ ఆ పచ్చిక మీద బంతి ఆడుకుందామంటే చోటు లేదు, అన్ని పలకలు లేచాయి. నిజంగా మొదట పుట్టిన బిడ్డకు మాత్రం ఇంకా పలక లేదు.